మీ గుమ్మంలో ఉన్నది అశోకమేనా?

"పెరటి చెట్టు మందుకు పనికిరాదు" అనే సామెతను వైద్యవృత్తిలో ఉన్న మేము ఎన్నడూ అంగీకరించము. పెరటిలోని తులసిని, వామును, ఉసిరికను, వేపను గృహస్థులకు మరల పరిచయం చేయడమే మా పని. అయితే ఒక్క చెట్టు విషయంలో ఆ సామెత అక్షరాలా నిజమై, నా చికిత్సలో ఉన్న ఒక ఇల్లాలిని ప్రాణాపాయం అంచు వరకు తీసుకువెళ్లింది. ఆ చెట్టు మీ ఇంటి ముందు కూడా ఉండవచ్చును గనుక ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

ప్రహరీగోడ వెంట బారుగా నిలిచి, కొమ్మలను కాండానికి అంటిపెట్టుకొని కిందికి వాల్చి, స్తంభంలా నిటారుగా పెరిగే చెట్టు మీకు తెలిసినదే. పాఠశాలల్లో, కల్యాణమంటపాల ముందు, కొత్త కాలనీలలో ఎక్కడ చూసినా అదే కనిపిస్తుంది. ఆకు సన్నగా, పొడవుగా, అంచులు అలలు తేలినట్లుగా ఉంటుంది. దానిని అందరూ "అశోక చెట్టు" అంటారు. అది అశోకం కాదు. దాని పేరు నరమామిడి. కొన్ని ప్రాంతాలలో దానినే దేవదారు అని కూడా పిలవడం కద్దు; హిమాలయాలలో పెరిగే అసలు దేవదారుకు, దీనికి ఏ సంబంధమూ లేదు. ఒకే చెట్టు రెండు గొప్ప ఔషధవృక్షాల పేర్లు మోస్తున్నదన్నమాట.

నరమామిడిని నేను నిందించడం లేదు. కొద్ది స్థలంలో ఒదిగిపోతుంది, ఎండకు ఓర్చుకుంటుంది, దాని నల్లని పండ్ల కోసం కోకిలలు, గబ్బిలాలు వస్తాయి. దాని పట్టను జ్వరాలలో వాడే సంప్రదాయం కూడా ఉన్నది. కాని స్త్రీల రక్తస్రావానికి మన గ్రంథాలు చెప్పిన అశోకత్వక్కు దీనిది కాదు.

చీటీ మీద వ్రాసిన ఒక్క మాట

2009వ సంవత్సరంలో ఒక ఉపాధ్యాయుడు తన భార్యను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరంలోని మా వైద్యశాలకు వచ్చారు. ఆమెకు అప్పుడు నలభై మూడేళ్లు. నెలసరి ఎనిమిది, తొమ్మిది రోజులు ఆగకుండా సాగుతున్నది. నాడి చూశాను, ప్రశ్నలు అడిగాను, పిత్తప్రధానమైన రక్తప్రదరమని నిర్ణయించాను. చీటీ మీద "అశోకపట్ట - క్షీరపాకం" అని వ్రాసి, వండే విధానం నోటితో చెప్పి పంపివేశాను. అప్పటికి నాకు పాతికేళ్లకు పైబడిన అనుభవం. ఆ అనుభవమే నన్ను తొందరపెట్టిందని ఈనాడు అనిపిస్తున్నది.

మూడు నెలల తరువాత ఆ దంపతులు మరల వచ్చారు. ఆమె గడపకు ఆనుకొని నిలబడి, ఊపిరి తీసుకొని గాని లోపలికి రాలేకపోయింది. కనురెప్ప కిందికి లాగి చూస్తే సున్నం వేసిన గోడలా ఉన్నది.

"మందు మానేశారా అమ్మా?" అని అడిగాను.

"ఒక్క పూట కూడా మానలేదండీ. ఈయనే దగ్గరుండి కాచి ఇస్తున్నారు" అన్నది.

ఆయన సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన పొట్లం తీసి నా బల్ల మీద పెట్టారు. "మొదటి పది రోజులూ కొట్లో కొన్నామండి. మా గేటు ముందే నాలుగు అశోక చెట్లున్నాయి కదా, కొనడమెందుకని నేనే పట్ట తీసి ఎండబెట్టాను. ఇంట్లోది గనుక కల్తీ ఉండదు కదండీ" అన్నారు.

పొట్లం విప్పాను. నారలు నారలుగా చీలి, తాడు పేనడానికి అనువుగా ఉన్న పొడవాటి పట్టలు. నోట్లో వేసుకోనవసరం లేకుండానే అది నరమామిడి అని తెలిసింది.

ఆ పూటే రక్తపరీక్ష చేయించాము. హిమోగ్లోబిన్ ఆరు గ్రాములు. వెంటనే ఆసుపత్రిలో చేర్పించి రక్తం ఎక్కించవలసివచ్చింది. అక్కడ తీసిన స్కానులో గర్భాశయంలో గడ్డ ఉన్నట్లు తేలింది. తరువాత శస్త్రచికిత్స జరిగింది, ఆమె కోలుకున్నది. కాని ఆ మూడు నెలలు ఆమె తాగినది మందు అన్న నమ్మకాన్ని మాత్రమే. ఆ నమ్మకమే ఆమెను మరో వైద్యుని వద్దకు పోకుండా ఆపింది.

ఇందులో ఆ ఉపాధ్యాయుని తప్పు ఏమున్నది? లోకమంతా దేనిని అశోకమంటున్నదో దానినే ఆయన అశోకమనుకున్నారు. చెట్టు పేరు వ్రాసి, చెట్టును చూపనివాడిని నేను. మొదటిరోజే స్కాను చేయించమని చెప్పనివాడినీ నేనే. నిజమైన అశోకపట్ట వాడినా ఆ గడ్డ కరిగిపోయి ఉండేదని నేను అనను; అది వేరే సంగతి. పదిహేను రోజులకు ఒకసారి రమ్మని ఉంటే రక్తం అంతగా తగ్గకమునుపే తెలిసేది.

పేర్లలోనే ఉన్నది గుర్తు

1975లో, పదహారవ యేట నేను కోనసీమలో మా గురువుగారి ఇంట చేరాను. అక్కడ అష్టాంగహృదయం వల్లె వేయడం ఉదయం పని. సాయంత్రం తోటల్లో తిరగడం. నూతి పక్కన, కొబ్బరిచెట్ల నీడలో ఒక అశోకవృక్షం ఉండేది. గురువుగారు రాత్రివేళ దీపం తగ్గించి, ఎండిన పట్టల ముక్కలు చేతిలో పెట్టి వాసన, రుచి, విరుపు చూచి చెప్పమనేవారు. నేను తొందరపడి పేరు చెప్పబోతే, "పేరెవడడిగాడురా? లక్షణం చెప్పు. పేరు ఊరికొకటి మారుతుంది" అనేవారు. 2009లో ఆ పొట్లం ముందు కూర్చున్నప్పుడు ఆ మాటే చెవిలో మోగింది.

మన నిఘంటువులు అశోకానికి ఇచ్చిన పర్యాయపదాలు వట్టి అలంకారాలు కావు. తామ్రపల్లవం అన్నారు. లేత చిగురు రాగి రంగులో, జీవం లేనట్లుగా మెత్తగా వేలాడుతూ ఉంటుంది. కొత్తగా చూచినవారు చెట్టు వాడిపోతున్నదని కంగారుపడతారు. హేమపుష్పం అన్నారు. పువ్వు విచ్చినప్పుడు పసుపు కలిసిన నారింజ రంగులో ఉండి, రోజులు గడిచినకొద్దీ ఎరుపెక్కుతుంది. పిండపుష్పం అన్నారు. పూలు విడివిడిగా గాక గుత్తులుగా, ముద్దలుగా పూస్తాయి. గంధపుష్పం అనడం సువాసనను బట్టి. కవులకు ప్రియమైన కంకేళి అనే పేరు కూడా దీనిదే. ఇప్పుడు ఈ పేర్లను వీధిలోని నరమామిడికి తగిలించి చూడండి. దాని పువ్వు లేతాకుపచ్చని చిన్న నక్షత్రం, ఆకుల మధ్య దాగి ఉంటుంది. హేమమూ లేదు, పిండమూ లేదు.

అశోకపుష్పానికి నిజానికి ఆకర్షణపత్రాలే లేవు. మనం రేకులనుకునేవి రంగు తేలిన నాలుగు రక్షకపత్రాలు. వాటి నుండి పొడవైన కేసరాలు పిల్లిమీసాల్లా బయటకు చాచుకొని ఉంటాయి. మాఘం చివరి నుండి చైత్రం వరకు చెట్టు పూస్తుంది. చిత్రమేమంటే కొమ్మల చివరనే కాదు, ముదురు కొమ్మల మీద, ఒక్కొక్కసారి మొదలు మీద కూడా గుత్తులు పుట్టుకొస్తాయి. తరువాత చింతకాయ కంటె వెడల్పైన, చదునైన కాయలు వస్తాయి. ఈనెకు అటూ ఇటూ జతలుగా అమరిన ఆకులు, దట్టమైన గుండ్రని నీడ, ఇరవై, ముప్పై అడుగుల ఎత్తు, ఏడాది పొడుగునా పచ్చదనం. ఇది మన దేశపు వృక్షమే. పడమటి కనుమల తేమ అడవులు, తూర్పు భారతపు వాగుల గట్లు దీని సహజస్థానాలు. పొరుగున ఉన్న ఒడిశా దీనిని తన రాష్ట్రపుష్పంగా ఎంచుకున్నది.

ఇక్కడ ఒక చిన్న మాట. సీతమ్మవారు అశోకవృక్షం కింద కూర్చున్నారని చాలామంది అనుకుంటారు. వాల్మీకి రామాయణంలో ఆమె ఉన్నది అశోకవనంలోనే అయినా, కూర్చున్నది శింశుపావృక్షం కింద. హనుమంతుడు దాగినదీ దాని కొమ్మలలోనే. అయినప్పటికీ మొక్కల వ్యాపారులు నిజమైన అశోకాన్ని "సీతాశోకం" అని పిలవడం మనకు మేలే చేసింది. అదెట్లో ముందు చెబుతాను.

పట్టను గుర్తించే విధం తెలుసుకోండి. నిజమైన అశోకపట్ట పైవైపు ముదురు బూడిద, గోధుమ రంగుల్లో, చిన్నచిన్న గుండ్రని బొడిపెలతో ఉంటుంది. లోపలివైపు ఎరుపు కలిసిన గోధుమరంగు. పచ్చిపట్టను కోస్తే ముందు పాలిపోయి ఉండి, గాలి తగిలినకొద్దీ ఎర్రబడుతుంది. నమిలితే నాలుకను గట్టిగా పట్టివేసే వగరు. నరమామిడి పట్ట నారగా సాగి చీలుతుంది. కషాయంలో ఇనుపమేకు వేస్తే నల్లబడుతుందని, అదే పరీక్ష అని కొందరు చెబుతారు. వగరు ఉన్న ప్రతి కషాయమూ అట్లే నల్లబడుతుంది, టీ నీళ్లు కూడా. ఆ పరీక్షను నమ్మకండి. సందేహముంటే ఆకు, పువ్వు ఉన్న కొమ్మతో సహా తెలిసినవారికి చూపడమే మార్గం. ఎండుపట్టగా కొంటే మీ వైద్యునికి చూపనిదే వాడవద్దు. మార్కెట్టులో అశోకపట్ట పేరిట నరమామిడి పట్ట కలుస్తున్నదన్నది కొత్త సంగతి కాదు.

వైద్యంలో దీని స్థానం

చరకుడు అశోకాన్ని వేదనాస్థాపన ద్రవ్యాలలో చేర్చాడు. సుశ్రుతుని లోధ్రాదిగణంలో ఇది ఉన్నది. రుచిలో కషాయ తిక్తాలు, వీర్యం శీతం, గుణం గ్రాహి. అందువల్లనే స్రవించే రక్తాన్ని నిలుపుతుంది, దాహాన్ని, మంటను తగ్గిస్తుంది. అశోకపట్టతో కాచిన పాలను రక్తప్రదరంలో ఇమ్మని చక్రదత్తుడు చెప్పాడు. అశోకారిష్టం భైషజ్యరత్నావళిలోని యోగం.

క్షీరపాకం చేసే పద్ధతి ఇది. కచ్చాపచ్చాగా దంచిన పట్ట 10 గ్రాములు, పాలు 80 మిల్లీలీటర్లు, నీరు 320 మిల్లీలీటర్లు కలిపి, సన్నని సెగ మీద నీరంతా ఇగిరి పాలు మాత్రమే మిగిలేవరకు కాచాలి. మంట పెంచితే పాలు అడుగంటుతాయి, పట్టసారం దిగదు. వడకట్టి, చల్లారిన పిమ్మట కొద్దిగా పటికబెల్లం కలిపి, స్రావం అధికంగా ఉన్న రోజులలో ఉదయంపూట ఒకసారి తీసుకోవాలి. మలబద్ధం ఉన్నవారికి ఇది మరింత బంధిస్తుంది. ఐరన్ మాత్రలు వాడేవారు దీనికి, వాటికి మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉంచాలి; వగరు పదార్థం ఇనుమును వంటపట్టనీయదు. అశోకారిష్టమైతే భోజనానంతరం 15 నుండి 30 మిల్లీలీటర్లు సమానంగా నీరు కలిపి తీసుకోవడం వాడుక. అందులో బెల్లం, పులియడంవల్ల పుట్టిన మద్యాంశం ఉంటాయని మధుమేహం ఉన్నవారు, కాలేయవ్యాధి ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

ఇంతకంటె ముఖ్యమైనది ఎప్పుడు వాడకూడదన్నది. గర్భిణులు దీనిని సొంతంగా తాకవద్దు. నెలసరి పూర్తిగా ఆగిపోయిన స్త్రీకి మరల రక్తం కనిపిస్తే అది చుక్కంతే అయినా, ముందు స్త్రీవైద్యనిపుణురాలి పరీక్ష, ఆ తరువాతనే ఏ మందైనా. గడ్డలు గడ్డలుగా స్రావం పోతున్నా, కళ్లు తిరుగుతున్నా, ఏడు రోజులు దాటినా హిమోగ్లోబిన్ పరీక్ష, స్కాను తప్పనిసరి. ఈ పరీక్షలు ఆయుర్వేదానికి పరాయివని అనుకునే రోజులలో నేనూ ఉన్నాను. ఆ రోజులు ఒక ఇల్లాలి ఖర్చున ముగిశాయి. ఇప్పుడు రక్తపరీక్ష కాగితం చూడకుండా అశోకపట్ట వ్రాయను. నా బల్ల మీద రెండు గాజుసీసాలు ఉంటాయి, ఒకదానిలో అశోకపట్ట, ఒకదానిలో నరమామిడి పట్ట. వచ్చిన ప్రతివారి చేతా రెండూ పట్టి చూపిస్తాను. పిల్లలు ఈ ఆటను బాగా ఇష్టపడతారు.

నాటేవారికి

ఆసుపత్రి నుండి ఇంటికి వచ్చిన ఆర్నెల్లకు ఆ ఉపాధ్యాయుడు నన్ను కడియం తీసుకువెళ్లమన్నారు. కడియపులంకలోని ఒక నర్సరీలో "అశోక మొక్క కావాలి" అన్నాను. అక్కడి కుర్రవాడు తల ఎత్తకుండానే, "పొడుగుదాండీ, సీతదాండీ?" అని అడిగాడు. వైద్యుడనైన నేను చీటీ మీద వ్రాయని ప్రశ్న అతడి నాలుక చివర ఉన్నది. మీరు కూడా నర్సరీకి వెళితే సీతాశోకం అని అడగండి. ఈనెకు జతలుగా అమరిన ఆకులు, వేలాడే రాగిచిగురు చూచి మరీ కొనండి.

ఇది తేమను, నీడను కోరే చెట్టు. కోనసీమ, గోదావరి, కృష్ణా తీరాల నేలలలో సులభంగా వస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో నాటేవారు ఇంటికి తూర్పువైపున, మధ్యాహ్నం తరువాత గోడనీడ పడేచోట నాటాలి. పడమటి ఎండ, వేసవిగాలి తగిలితే ఆకు కొసలు మాడిపోతాయి. తొలకరిలో రెండడుగుల లోతు, వెడల్పు గొయ్యి తీసి, మట్టిలో చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నాటండి. గోడకు పది అడుగుల దూరం ఉండనివ్వండి, దీని కొమ్మలు నరమామిడిలా ముడుచుకొని ఉండవు. మొదటి మూడు వేసవులు దీనికి గండం. పాదులో ఎండుటాకులు మందంగా పరచి, నేల ఆరకుండా నీరు పోయాలి. చుట్టూ సిమెంటు చేసి చెట్టు మొదట గిన్నెడంత మన్ను మిగిల్చే అలవాటు దీనికి పనికిరాదు. ఎదుగుదల నిదానం. ఆరేడేళ్లకు గాని పూలు కనిపించవు. తొందరపడేవారికి నరమామిడే మేలు.

అపార్టుమెంట్లవారు సొంతనేల లేదని అనుకోనవసరం లేదు. ఉమ్మడి తోటలో నరమామిడి వరుసకు నాటే పది మొక్కలలో రెండు సీతాశోకాలైతే చాలు, వసంతంలో ఆ నీడనే అందరూ కూర్చుంటారు.

చెట్టు పెరిగాక దాని మొదలు నుండి పట్ట తీయకండి. చుట్టూ వలయంగా తీస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది. మా గురువుగారు మొదలు మీద కత్తి పెట్టనిచ్చేవారు కారు. వర్షాకాలానికి ముందు అడ్డంగా పెరిగిన ముదురు కొమ్మను ఒకదానిని కోసి, దాని పట్టను నీడన ఎండబెట్టి, ఏడాదికి సరిపడా దాచేవారు. అడవులలో ఆ నియమం పాటించినవారు లేకనే, 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఈ వృక్షాన్ని ముప్పు పొంచి ఉన్న జాతులలో చేర్చవలసివచ్చింది. మందుల కొరకు పట్ట కావాలి, పట్ట కొరకు చెట్టు పోతున్నది, చెట్టు పోయినకొద్దీ సంచులలో నరమామిడి కలుస్తున్నది.

ఉపాధ్యాయుని ఇంట నాటిన మొక్క 2016లో మొదటిసారి పూసింది. గేటు ముందరి నాలుగు నరమామిడులు ఇప్పటికీ అట్లే ఉన్నాయి. వాటిని కొట్టించవద్దని ఆ ఇల్లాలే పట్టుపట్టింది. ఆమెకు ఇక అశోకపట్టతో పని లేదు. ఏటా కాయ పండి రాలే వేళకు గింజలు ఏరి, ఒక రాత్రి నీటిలో నానబెట్టి, సంచులలో విత్తి, మొలిచిన మొక్కలను అడిగినవారికి ఇస్తున్నది. గింజ దాచిపెడితే మొలవదు, తాజాగా ఉండగానే విత్తాలి. మూడు వారాలకు మొలక కనిపిస్తుంది, మొదటి ఏడాదంతా నీడనే ఉంచాలి. కిందటి వర్షాకాలంలో నాకు రెండు మొక్కలు పంపింది. ఒకటి వైద్యశాల నూతి దగ్గర నాటాను. రెండవది పెద్ద కుండీలో ఉన్నది, నేల దొరకవలసి ఉన్నది.